కవిలెకట్ట నుండి కిలో కంప్యూటరు దాకా



కిందటి నెలలో ఒక పూర్వవిద్యార్థి ఫోను చేశాడు. "సార్, మీరు ఎప్పుడూ సంచి భుజానేసుకొని ఊళ్ళు తిరుగుతరు గద. నాగ్గూడ అట్ల తీస్కపోయే చిన్న లాప్‌టాప్ కావాలె. ఏది కొనమంటరు?" అన్నాడు. అతని కొలువు భూపాలపల్లిలో, ఇల్లు మహబూబాబాదులో, అత్తవారిల్లు మా జనగామలో. వారంలో సగం రోజులు బస్సులోనో రైలులోనో గడుస్తాయి. "బరువు తక్కువది చూసుకో నాయనా" అని రెండు ముక్కల్లో చెప్పి ఊరుకొన్నాను. ఫోను పెట్టిన తరువాత ఆ జవాబు నాకే చప్పగా తోచింది. బరువు ఒక్కటే చూసి ఒకప్పుడు నేనే మోసపోయినవాణ్ణి. అదీగాక, వెంట తీసుకొనిపోయే వ్రాతపనిముట్టు ఏది మేలన్న ప్రశ్న మన నేలమీద లాప్‌టాపులతో పుట్టినది కాదు. చాలా పాతది. అందుకే అతనికి చెప్పవలసిన మాటను ఇక్కడ తీరికగా చెప్పుకొంటున్నాను.

పూర్వం ఊరి కరణం వెంట కవిలెకట్ట ఉండేది. కవిలె అంటే తాటాకుల లెక్కపుస్తకం. తాటియాకులను, దొరికినచోట శ్రీతాళపత్రాలను ఉడికించి, నీడపట్టున ఆరబెట్టి, నునుపు చేసి, ఒకే కొలతకు కోసి, రంధ్రంలో త్రాడు గ్రుచ్చి, పైనా క్రిందా చెక్కపలకలు పెట్టి కట్టేవారు. గంటంతో గీసిన గాళ్ళలో మసీ నూనే కలిపి పూస్తే అక్షరం నల్లగా తేలేది. దానికి దీపం తప్ప మరే శక్తీ అక్కరలేదు. చంకన పెట్టుకొని పొలం గట్టుమీద నిలబడి శిస్తు లెక్క చూడవచ్చు. అడ్డగీతలు ఆకును ఈనె వెంట చీలుస్తాయి కనుకనే మన లిపి గుండ్రంగా తిరిగిందని పెద్దలు చెబుతారు. పనిముట్టు మన అక్షరానికి ఒదగడం కాదు, అక్షరమే పనిముట్టుకు ఒదిగిందన్నమాట. ఈ మాట తరువాత మళ్ళీ పనికి వస్తుంది.

తాటాకుమీద తప్పు వ్రాస్తే చెరపడం కష్టం. చెరిపి వ్రాసుకొనే అవసరాలకు కడితం ఉండేది. గుడ్డకు చింతగింజల గంజి, బొగ్గుపొడి పట్టించి నల్లగా గట్టిపరచి, మడతలుగా మడిచి, బలపంతో వ్రాసేవారు. తడిగుడ్డతో తుడిస్తే మళ్ళీ ఖాళీ. నిలువచేయడానికి ఒకటి, రోజువారీ చిల్లరపనికి ఒకటి అన్న విభజన మనవాళ్ళకు అప్పుడే తెలుసు. నేటి కంప్యూటరు దుకాణాలలో ఆ తేడా చెప్పేవారు అరుదు.

గ్రామచరిత్రలను వ్రాసిపెట్టిన కవిలెలను దండకవిలెలు అనేవారు. కర్నల్ కాలిన్ మెకంజీ (1754-1821) కైఫియతులు సేకరింపజేసినప్పుడు ఆయన మనుషులు ఊరూరా తిరిగి కరణాలను అడిగినవి ఇవే. ఏలూరివాడైన కావలి వెంకట బొర్రయ్య ఆ పనిలో ముందు నడిచినవాడు. 1803లో చిన్న వయసులోనే పోయాడు. తరువాత తమ్ముళ్ళు ఆ పని సాగించారు. బొర్రయ్యను తలచుకొన్నప్పుడల్లా నాకు అసూయ కలుగుతుంది. కాగితాల కట్ట, సిరాబుడ్డి, కలాలు మోసుకొని అంత దేశం తిరిగినవాడికి బ్యాటరీ అయిపోయిందన్న బాధ లేదు.

అయితే బాధ మరొక రూపంలో ఉండేది. దానికి సాక్ష్యం మా జిల్లాలోనే ఉంది. పాల్కురికి సోమనాథుని పాలకుర్తీ, పోతనగారి బమ్మెరా ఇప్పుడు జనగామ జిల్లాలో ఒకే మండలంలోని ఊళ్ళు. పోతనగారి భాగవతం మొత్తం ఆయన చేతి వ్రాతగా మనకు దక్కలేదు. పంచమస్కంధం గంగనది, షష్ఠం సింగనది, ఏకాదశ ద్వాదశాలు నారయవి. తాళపత్రాలు శిథిలమైనందున వీరు పూరించారని ఒక మాట. రాజు కినుకతో పాతిపెట్టించగా చెదలు తిన్నాయని ఒక కథ. ఆ కథ నిజానిజాలను పండితులు తేలుస్తారు. క్లాసులో ఈ పాఠం చెప్పిన ఏళ్ళన్నీ నేను దీనిని కవిజీవితంలో ఒక ఘట్టంగానే చెప్పాను. ఒకే ఒక్క ప్రతి ఉన్న గ్రంథానికి పట్టే గతిగా చూడలేదు. నా సొంత వ్రాతలు పోయిన తరువాతగానీ ఆ చూపు రాలేదు. ఆ సంగతికి వస్తున్నాను.

దానికి ముందు యంత్రాల చరిత్ర రెండు మాటల్లో. పుస్తకమంత కంప్యూటరు పిల్లల చేతిలో ఉండాలని అలన్ కే 1972లో కాగితంమీద కల గన్నాడు. 1981లో వచ్చిన ఆస్బోర్న్-1ను చేతితో మోయదగినదని అమ్మారు. బరువు 11 కిలోలు, బ్యాటరీ లేదు, తెర 5 అంగుళాలు. మోసేవాడు పహిల్వాను కావాలి. 1982లో జపానువారి ఎప్సన్ హెచ్‌ఎక్స్-20 కిలోన్నర చిల్లరకు దిగింది కానీ తెరమీద నాలుగే వరుసలు. 1983 నాటి టీఆర్‌ఎస్-80 మోడల్ 100 టార్చిలైటులో వేసుకొనే మామూలు సెల్లులు నాలుగింటితో ఇరవై గంటలు పనిచేసేది. పాశ్చాత్య విలేఖరులు దానిని ఎంతగానో ఇష్టపడ్డారు. 1996లో తోషిబా లిబ్రెట్టో కిలోకు లోపలే వచ్చింది. 2007లో తైవానువారి ఆసుస్ ఈపీసీ తక్కువ ధరకు, 920 గ్రాములకు వచ్చి చిన్న యంత్రాలను మామూలు మనిషి చేతిలో పెట్టింది. ఆ జాతికి నెట్‌బుక్ అని పేరు పడింది. మరుసటి జనవరిలోనే స్టీవ్ జాబ్స్ ఒక కాగితపు కవరులోనుండి మ్యాక్‌బుక్ ఎయిర్‌ను తీసి చూపాడు. అది ధనికుల మాట. మన దేశంలో బెంగుళూరువారి సింప్యూటరు, 2011లో సర్కారు విద్యార్థులకని తెచ్చిన ఆకాశ్ పలక, ఈ రెండూ గొప్ప ఆశలు రేపి మెల్లగా కనుమరుగైనాయి.

ఈ వరుసలో తెలుగు ఎక్కడ? ఇదే అసలు ప్రశ్న. 1980ల చివర మన లిపులకోసం సీడాక్‌వారు ఇచ్చిన జిస్ట్ కార్డు మేజామీది కంప్యూటరు పెట్టెలో దూర్చవలసినది. ఒడిలో పెట్టుకొనే యంత్రంలో సాధారణంగా దానికి చోటే లేదు. 1991లో యూనికోడు తొలి కూర్పులోనే తెలుగుకు స్థానం దక్కింది. కానీ మన ఊళ్ళ డీటీపీ సెంటర్లకు ఆ సంగతి చాలా ఏళ్ళు పట్టలేదు. అక్కడ ఒక్కొక్క ఫాంటు తయారీదారుది ఒక్కొక్క దారి. లోపల ఉన్నవి ఇంగ్లీషు అక్షరాల సంకేతాలే, పైన తెలుగు ముసుగు. ఆ ఫాంటు లేనిచోట ఫైలు తెరిస్తే పిచ్చిగీతలు. కొన్ని సాఫ్ట్‌వేర్లకు ప్రింటరు పోర్టులో దొంగతనం కాకుండా ఒక తాళపు బిళ్ళ కూడా గుచ్చాలి. చిన్న యంత్రాలకు ఆ పోర్టు ఉండదు. అంటే అల్లంత దూరాన యంత్రం చిన్నదవుతున్న కొద్దీ తెలుగు దానినుండి జారిపోతూ వచ్చింది.

2002 ప్రాంతంలో నేను సెలవుల్లో జనగామ, మహబూబాబాదు చుట్టుపక్కల ఊళ్ళు తిరిగి నాట్ల పాటలు, దంపుళ్ళ పాటలు, ఊరిపేర్ల కథలు వ్రాసుకొన్నాను. నాలుగు నోటుపుస్తకాలు నిండాయి. వాటిని ఒక డీటీపీ సెంటరులో టైపు చేయించి, ఫ్లాపీలమీద, ఒక సీడీమీద భద్రపరచుకొన్నాను. భద్రపరచుకొన్నానని అనుకొన్నాను. నోటుపుస్తకాలు ఇల్లు మారినప్పుడు వానకు తడిసి ముద్దయినాయి. పోనీలే, కంప్యూటరులో ఉన్నాయి కదా అని ధైర్యం. కొన్నాళ్ళకు ఫ్లాపీలు చదవడం మానేశాయి. సీడీ చదివింది కానీ అక్షరాలకు బదులు చుక్కలు, కొమ్ములు, డాలరు గుర్తులు కనబడ్డాయి. ఆ సెంటరు అప్పటికే మూతపడింది, ఆ ఫాంటు ఏదో చెప్పగలవారు లేరు. పాడిన అవ్వలలో చాలామంది వెళ్ళిపోయారు. చెదలు అన్నమాటకు నాకు అర్థం తెలిసింది ఆనాడు.

తరువాత యూనికోడు గురించి, లేఖిని గురించి మీవంటి మిత్రుల వ్రాతలలోనే చదివాను. 2009లో ఉత్సాహంతో ఒక నెట్‌బుక్ కొన్నాను. కిలో బరువు, సంచిలో ఉన్నట్టే ఉండదు. ఆనందం రెండు రోజులు. అందులో విండోస్ ఎక్స్‌పీ. దానిలో గౌతమి ఫాంటు ఉన్నా, గుణింతాలూ ఒత్తులూ సరిగా కూర్చోవాలంటే కంట్రోల్ ప్యానెల్‌లో ఒక గడికి టిక్కు పెట్టాలి. టిక్కు పెడితే సీడీ పెట్టమని అడుగుతుంది. ఈ యంత్రానికి సీడీ దూర్చే నోరే లేదు! హనుమకొండ నుండి ఒక కుర్రవాడు పెన్‌డ్రైవులో ఆ ఫైళ్ళు తెచ్చి ఎక్కించేదాకా అది నాకు ఇంగ్లీషు పలకగానే ఉండిపోయింది.

రెండవ చిక్కు తెరది. ఇంగ్లీషు వరుస పొట్టిది. మన వరుసకు పైన గుడి, ఏత్వం, కింద ఒత్తు, ఒక్కోసారి ఒత్తు కింద ఒత్తు. అందుకని అదే తెరమీద ఇంగ్లీషు ఇరవై వరుసలు పట్టేచోట మనవి పన్నెండు పదమూడుకు మించవు. "స్త్రీ"లో త-వత్తు, ర-వత్తు విడివిడిగా కనబడేంత పెద్దది చేస్తే పేరా మొత్తం తెరమీదికి రాదు. ఒక ముసలి పండితుడి కళ్ళకు అది శిక్ష.

మూడవది ఎవరూ చెప్పరు, నాకు మాత్రం అదే ముఖ్యం. చిన్న యంత్రాలలో స్థలం మిగుల్చుకోవడానికి కీబోర్డు కుడి అంచు మీటలను సన్నం చేస్తారు. ఇంగ్లీషువాడికి అక్కడ ఉండేవి సెమీకోలను, అపాస్ట్రఫీ, బ్రాకెట్టు, ఏటవాలు గీత. రోజుకు పదిసార్లు వాడితే ఎక్కువ. ఇన్‌స్క్రిప్టులో వ్రాసేవాడికి ఆ మీటలే చ, ట, డ, య! "చేయుట" అని వ్రాయబోతే మూడు హల్లులకు మూడు సన్నమీటలు. లోకంలో వెలువడిన సమీక్షలన్నీ కీబోర్డు బాగుంది అన్నాయి. అబద్ధం కాదు, వారి భాషకు బాగుంది. తాటాకుకు మన అక్షరం ఒదిగిందన్నాను కదా, ఇక్కడ ఒదగడానికి నా వేళ్ళకు ఓపిక చాలలేదు.

బ్యాటరీ మూడు గంటలు. 2014కు ముందు మన ఊళ్ళ కరెంటు సంగతి మీకు తెలియనిది కాదు. భూపాలపల్లి పక్కన చెల్పూరులో థర్మల్ కేంద్రం పొగగొట్టం కనబడే ఊళ్ళో కూర్చొని ఛార్జింగుకోసం ఎదురుచూసిన మధ్యాహ్నాలు నాకున్నాయి. ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్‌లో కంపెనీ మంగళం పాడింది. నెట్‌బుక్కులూ అప్పటికే అంగళ్ళనుండి మాయమైనాయి.

మరి ఇప్పుడేమి కొనాలి? ఫోను చాలదా అంటారు కొందరు. 2017 నుండి గూగుల్ ఫోనులో తెలుగు చెబితే వ్రాస్తున్నది, పాట పాడుతుండగా నమోదుకు ఫోను దివ్యంగా ఉంది. కానీ రెండు పాఠాంతరాలు పక్కపక్కన పెట్టి చూడాలన్నా, పది పుటలు దిద్దాలన్నా ఒడిలో ఒక తెర, చేతికింద మీటలు కావలసిందే.

నా శిష్యునికి చెప్పవలసినది ఇది. కిలో నుండి కిలో మూడువందల గ్రాముల మధ్య యంత్రాలు ఇప్పుడు అనేకం. ఇంకో వందా రెండువందల గ్రాముల తేడాకోసం డబ్బు పోయకు. ఛార్జరు బరువు కలిపి తూచు, ఫోనుకూ దానికీ ఒకే సీ-రకం ఛార్జరు పనిచేసేది తీసుకో. తెర 13, 14 అంగుళాలు ఉండనీ, మామూలు వెడల్పు తెరలకంటే ఎత్తు కాస్త ఎక్కువున్న 16:10 కొలతది అడుగు. మన ఒత్తులకు రెండు మూడు వరుసలు కలిసివస్తాయి. బస్సు కిటికీ పక్కన కూర్చుంటావు కనుక అద్దంలా మెరిసే తెర వద్దు. ర్యామ్ తరువాత పెంచుకోలేని యంత్రాలే ఎక్కువ, కొనేటప్పుడే 16 జీబీ చూసుకో. దుకాణంలో నిలబడి కుడి అంచు మీటలమీద వేలు పెట్టి చూడు, దుకాణదారు విసుక్కొన్నా సరే. ఇన్‌స్క్రిప్టు రాకపోతే దిగులు లేదు, విండోస్‌లో 2019 నుండి ఉచ్చారణ పద్ధతి తెలుగు కీబోర్డు కూడా ఉంది. విండోస్ 10కి 2025 అక్టోబరులో గడువు తీరింది కనుక, చవకగా వస్తున్నదని పాత యంత్రం తీసుకొంటే లినక్సు ఎక్కించుకొనే ఓపిక ఉండాలి.

ఇవన్నీ చూసి గత సంవత్సరం నేను వాడినదొకటి తీసుకొన్నాను. కొత్తది కొనే పింఛను కాదు నాది. బరువు కిలో రెండువందలు. పల్లెకు పోయినప్పుడు పాటను అక్కడికక్కడే యూనికోడులో, ఏ అలంకారమూ లేని పాఠ్యఫైలుగా వ్రాస్తాను. ఆ రాత్రికే ఒక ప్రతి పెన్‌డ్రైవుకు, ఒకటి అంతర్జాలానికి, పాడినవారి ఇంట్లో చదువుకొన్న పిల్లలుంటే వారి ఫోనుకు ఒకటి.

మొన్న పాలకుర్తి పక్క పల్లెలో ఒకామె పాడుతుంటే పోయిందనుకొన్న ఒక నాట్ల పాట మళ్ళీ వినబడింది. 2002లో నాకు ఆ పాట చెప్పిన అవ్వ ఆమెకు మేనత్త అట. రెండు చరణాలు తక్కువున్నాయి. ఆ చరణాలు నా పాత సీడీలో ఉన్నాయి, డాలరు గుర్తులుగా. ఆ నాటి ఫాంట్లను యూనికోడులోకి మార్చే ఉపాయాలు మీలో కొందరికి తెలిసి ఉండవచ్చు. అడిగితే ఆ ఫైలు పంపుతాను. మొదటి వరుసలో మూడు కొమ్ముల తరువాత ఒక ప్రశ్నార్థకం ఉంటుంది, అది "వానమ్మ"లో "వా" అని నా అనుమానం.