ఏడీహెచ్‌డీ పిల్లల మెదడుపై ఉత్తేజక మందుల ప్రభావం

అతి చురుకుదనం, నిలకడలేమి, తొందరపాటు (వీటినే ఏడీహెచ్‌డీ అంటారు) ఉన్న పిల్లలకు ఉత్తేజక మందు ఇవ్వడం వింతగానే తోస్తుంది. అమెరికాలో చార్లెస్ బ్రాడ్లీ అనే వైద్యుడు 1937లోనే బెంజిడ్రిన్ అనే ఉత్తేజక మందుతో కొందరు పిల్లలు కుదురుకోవడం గమనించాడు. నేడు ఎక్కువగా వాడేది మిథైల్‌ఫెనిడేట్. నాడీకణాలు డోపమైన్, నార్‌ఎపినెఫ్రిన్ అనే రసాయనాలను తిరిగి పీల్చుకోకుండా ఇది అడ్డుకుంటుంది. దాంతో మెదడులో నుదుటి వెనుక భాగంలోనూ, లోపలి స్ట్రయేటమ్ అనే భాగంలోనూ వాటి స్థాయి పెరుగుతుంది. 1998లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఈ మందు ఇచ్చి ఎఫ్‌ఎంఆర్‌ఐ అనే మెదడు స్కాన్‌తో పరీక్షించగా, ఏడీహెచ్‌డీ ఉన్న బాలురలో స్ట్రయేటమ్ చురుకుదనం పెరిగింది, లేనివారిలో తగ్గింది. పరీక్షించింది కొద్దిమందినే కనుక ఈ ఫలితాన్ని రోగ నిర్ధారణకు వాడకూడదు. మెదడు స్కాన్‌తో ఏడీహెచ్‌డీని తేల్చే పద్ధతి ఇప్పటికీ లేదు.

మిథైల్‌ఫెనిడేట్ సాధారణ మాత్ర ప్రభావం సుమారు నాలుగు గంటలే. ఆకలి మందగించడం, నిద్ర తగ్గడం మామూలే, అందుకే ఎత్తు, బరువు చూస్తూ ఉండాలి. భారత్‌లో ఇది మాదకద్రవ్యాల చట్టం పరిధిలోని మందు, వైద్యుని చీటీ తప్పనిసరి.

పిల్లల ఆరోగ్య పరీక్షల కోసం 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పరిశీలించే సమస్యల్లో ఏడీహెచ్‌డీ ఒకటి. జనగామ వంటి జిల్లాల్లో అంగన్‌వాడీ, ప్రభుత్వ పాఠశాలల పిల్లలకు ఈ సమస్యను గుర్తించడానికి ఇదే తొలి దారి. అల్లరివాడన్న ముద్ర వేసి దండించే ముందు ఆ బిడ్డను పరీక్ష చేయించడం న్యాయం.