అంబాసిడర్ హెడ్ గ్యాస్కెట్: ఎవరూ రాయని ఓ తారీఖ్

అబ్బాది టాక్సీ అంబాసిడర్. ఓ రోజు డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిల్ పాలు కలిపిన చాయ్‌లా ఉంది. ఇంజన్ నడుస్తుంటే రేడియేటర్ నీళ్లలో బుడగలు. "హెడ్ గ్యాస్కెట్ గయా" అన్నారు. అమ్మీ ముఖం చూశాకే నాకు సమఝైంది, అది బండి ముచ్చట కాదు, రోజీ ముచ్చట అని.

గ్యాస్కెట్ అంటే ఇంజన్ బ్లాకుకూ పైనున్న హెడ్‌కూ నడుమ పరిచే పల్చటి రేకు. సిలిండర్లలో మంట, పక్కన నీళ్లు, ఇంకో దారిలో ఆయిల్. ఈ మూడూ కలవకుండా అదొక్కటే అడ్డు. అంత వేడికి ఓర్చుకోవాలని పాత రోజుల్లో రాగి రేకుల మధ్య ఆస్బెస్టాస్ పెట్టేవారు.

అంబాసిడర్ పుట్టింది బెంగాల్‌లోని ఉత్తర్‌పారా కార్ఖానాలో, 1950ల చివర. హిందుస్తాన్ మోటార్స్ వాళ్లు ఇంగ్లండ్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనా తెచ్చుకున్నారు. దాని 1489 సీసీ పెట్రోల్ ఇంజన్ దశాబ్దాల పాటు పెద్దగా మారలేదు. 1992లో ఇసుజు ఇంజన్ వచ్చింది, 2014 మేలో కార్ఖానాలో తయారీయే ఆగిపోయింది. లైసెన్స్ రాజ్‌ను అందరూ తిడతారు. కారు బుక్ చేసి ఏళ్లకేళ్లు ఇంతజార్ చేసినవాళ్లకు ఆ హక్కుంది. కానీ నేను ఇంకో వైపు చూశాను. ఒక్క ఇంజన్ హునర్ చేతికొస్తే చాలు, బడి ముఖం చూడని మనిషి కూడా జిందగీ మొత్తం ఇంటిల్లిపాదినీ పోషించేవాడు. మన మొహల్లాల్లో అలాంటి ఉస్తాద్‌లు ఎందరో.

మా ఇంటికొచ్చిన చాచా అలాంటివాడే. ఫజర్ నమాజ్ కాగానే వచ్చి, ముందు నీళ్లు దింపేశాడు. ఈ ఇంజన్‌లో రాకర్ షాఫ్ట్‌ను పట్టుకునే నట్లలో కొన్ని హెడ్‌నూ పట్టుకుంటాయి. నీళ్లు దింపకుండా వాటిని కదిలిస్తే ఆయిల్ గతి ఖతం. పుష్‌రాడ్లను చెప్పుల డబ్బాకు చిల్లులు పొడిచి వరుసగా గుచ్చాడు, ఎక్కడివి అక్కడికే వెళ్లాలని. బిగించేటప్పుడు నడుమ నుంచి మొదలుపెట్టి బయటికి, కొంచెం కొంచెంగా. చివర్న టాపెట్ల లెక్క: ఎనిమిదో వాల్వ్ పూర్తిగా తెరుచుకున్నప్పుడు ఒకటోది సరిచూడు, ఏడోదానికి రెండోది. రెండూ కలిపితే తొమ్మిది రావాలి. సంతకం కూడా రాని చాచా దగ్గర నేను నేర్చుకున్న హిసాబ్ అది.

అయితే వీటన్నిటి కంటే ఎక్కువ సేపు పట్టింది పాత గ్యాస్కెట్ గీకడానికే. అది బ్లాకుకు అతుక్కుపోయి ఉంది. చాచా బ్లేడుతో గీకి, ఫూ అని ఊదేవాడు. దుమ్ము లేచేది. నేను బల్బు పట్టుకుని పక్కనే నిలబడ్డాను.

ఆస్బెస్టాస్ నూలు ఊపిరితిత్తుల్లోకి వెళ్తే దాని జబ్బు ఇరవై, ముప్పై ఏళ్లకు బయటపడొచ్చు. 1995లో సుప్రీంకోర్టు ఆస్బెస్టాస్ కార్మికుల ఆరోగ్యం వాళ్ల హక్కు అని చెప్పింది. వాళ్ల ఆరోగ్య రికార్డులు 40 ఏళ్లు దాచాలని కార్ఖానాలకు హుకుం ఇచ్చింది. మంచి తీర్పే. కానీ చింతచెట్టు కింద పనిచేసే మిస్త్రీకి ఏ రిజిస్టర్ ఉంది? అంబాసిడర్ మీద ఎన్ని వ్యాసాలొచ్చాయో, అందులో మంత్రులున్నారు, సినిమాలున్నాయి. గీకిన చేతులు మాత్రం లేవు.

చాచా ఆఖరి రోజుల్లో బాగా దగ్గేవాడు. బీడీల వల్లే అన్నారు డాక్టర్. కావచ్చు. ఏం పని చేసేవాడివని మాత్రం ఆయన్ను ఎవరూ అడగలేదు. అల్లాహ్ మగ్ఫిరత్ చేయుగాక.

పాత బండి ఇంట్లో ఉంచుకుని ఆదివారం హెడ్ విప్పే భాయీలు ఇది చదువుతుంటే ఒక్క గుజారిష్. పాత గ్యాస్కెట్‌ను బాగా తడిపి గీకండి. సాండ్‌పేపర్ వద్దు, ఊదొద్దు. తడి గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను కవర్‌లో కట్టేయండి. పిల్లల్ని బల్బు పట్టుకోమని దగ్గర నిలబెట్టకండి.