పలాస డబ్బు ఎవరి చేతుల్లోంచి వచ్చింది

కరుణకుమార్ తీసిన 'పలాస 1978' సినిమా 2020 మార్చిలో విడుదలైంది. మాది పలాస పక్కనే ఉన్న కాశీబుగ్గ. ఆస్ట్రేలియాలో నేనుండే హెలెన్స్‌బర్గ్‌లో ఇంట్లో కూర్చుని చూశాను. పాటలు పాడి గజ్జె కట్టే అన్నదమ్ములు మోహనరావు, రంగారావు షావుకార్ల కొట్లాటలో కత్తి పట్టే కథ అది. కులం ఎక్కడ నొక్కుతుందో ఆ సినిమా మొహమాటం లేకుండా చూపించింది. అందుకే నాకది నచ్చింది.

అయితే నెత్తురు కన్నా ముందు ఊళ్లో డబ్బు చేరాలి. మా దగ్గర ఆ డబ్బు జీడిపిక్కది. బ్రెజిల్ చెట్టును పోర్చుగీసువాళ్లు మన తీరాలకు తెచ్చారు. ఉద్దానం ఇసుక నేలల్లో అది బాగా పట్టింది. హౌరా-మద్రాసు రైలు దారి మీద ఉండటం పలాసకు కలిసొచ్చింది.

పిక్కలు కొట్టేది ఆడవాళ్లే. డొల్లలోని జీడి రసం తగిలితే చర్మం కాలి, నల్లబడి, పొరలుగా ఊడుతుంది. అందుకని చేతులకు బూడిదో ఆముదమో రాసుకునేవారు. చిన్నప్పుడు నేను దగ్గరికెళ్తే పెద్దమ్మ కసిరేది: "సెయ్యి కాల్తాది, పక్కకెల్లి కూకోయే గుంటా!" దెబ్బ ఒడుపుగా పడితే పప్పు గుండుగా వస్తుంది, తప్పితే బద్దలవుతుంది. గుండుకున్న ధర బద్దకు లేదు. పౌనుకు 320 లోపు తూగే గుండును 320 గ్రేడంటారు, 180 గ్రేడు ఇంకా పెద్దది, ఖరీదైంది. కూలి మాత్రం ఎన్ని కిలోలు కొడితే అంత.

ఆ చుట్టుపక్కలే బొడ్డపాడు. కవి సుబ్బారావు పాణిగ్రాహి ఊరు. శ్రీకాకుళ పోరాటంలో 1969 డిసెంబరులో ఆయన్ని చంపేశారు. భూమి, కూలి, వడ్డీ గురించి అంత గట్టిగా అడిగిన నేల మీద, పదేళ్లు తిరక్కుండానే షావుకార్ల తగాదాలకు పేటల కుర్రాళ్లు పనికొచ్చారంటే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది.

నేనుంటున్న హెలెన్స్‌బర్గ్ కూడా ఒక్క సరుకు మీద లేచిందే. 1880ల్లో మెట్రోపాలిటన్ గని మొదలైంది, నూరేళ్లు దాటినా బొగ్గు తీస్తూనే ఉన్నారు. 1985లో ఇక్కడ వెలిసిన వెంకన్న గుడికొచ్చే మనవాళ్లు పొంగలిలో జీడిపప్పు ఏరుకు తింటారు. అది ఎవరు కొట్టారో అడిగేవాళ్లు తక్కువ.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మా తోటల్ని నేలమట్టం చేసింది. మళ్లీ నాటిన జీడి మొక్క సరిగ్గా కాపుకు రావాలంటే ఏళ్లు పడుతుంది. పలాస మీద ఇంకెవరైనా సినిమా తీస్తే, సాయంత్రం తూకం దగ్గర గుమాస్తాతో ఆడవాళ్లు పెట్టుకునే గొడవతో మొదలుపెట్టమని అడుగుతాను.