కథోలిక విచారణ: గోదావరి–శబరి సరిహద్దు పల్లెల్లో వారం, ఆరాధన

కథోలిక సంఘంలో ఒక గురువు బాధ్యత కింద ఉండే విశ్వాసుల సమూహాన్ని విచారణ అంటారు. ఊళ్లో వాడుక ప్రకారం ఫాదర్‌గారు కాపురముండే ఊరు, దాని కిందకు వచ్చే పల్లెలు అన్నీ కలిపి ఒక విచారణ. కొన్ని విచారణలు కలిస్తే మేత్రాసనం, దానికి ఒక పీఠాధిపతి. తెలుగు నేల మీద చిన్న విచారణలో గురువు ఒక్కరు, పల్లెలు అనేకం. సబ్‌స్టేషన్లని పిలిచే ఆ పల్లెలకు దివ్యబలిపూజ నెలకు ఒకసారో రెండుసార్లో అందుతుంది. మిగతా ఆదివారాలు ఊరే చూసుకోవాలి. కథోలిక మతమంతా పూజ చుట్టూ, పూజంతా గురువు చుట్టూ తిరుగుతుందని పుస్తకాల్లో చదువుకున్నవారికి ఈ పల్లెల వారం కొంచెం వింతగా తోస్తుంది. ఇక్కడ ఆరాధనను అలవాటుగా నిలబెట్టినవాడు ఉపదేశి.

సరిహద్దు, రెండు ఆచారాలు

బస్తర్ దక్షిణపు అంచున, ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం సుక్మా జిల్లా కొంటా తహసీల్లో కిష్టారం ఉంది. గొల్లపల్లి, మరాయిగూడ మీదుగా పోయే దారి దీన్ని తెలంగాణలోని దుమ్ముగూడెం, భద్రాచలం వైపు కలుపుతుంది. దొర్లలు, కోయలు ఉండే ఈ ప్రాంతంలో ఇంట్లో కోయ మాట, సంతలో తెలుగు, ఆఫీసులో హిందీ. రాష్ట్రాల సరిహద్దే ఇక్కడ కథోలిక పీఠాలకూ సరిహద్దు. బస్తర్ వైపున్నది జగదల్‌పూర్ పీఠం. దీన్ని 1972లో రాయపూర్ నుంచి విడదీసి సీరో మలబారు సంఘానికి అప్పగించారు. 1977లో పూర్తిస్థాయి మేత్రాసనమైంది. గోదావరి వైపున్నది ఖమ్మం మేత్రాసనం, 1988లో వరంగల్ నుంచి విడివడిన లాటిన్ ఆచారపు పీఠం.

రెండూ పోపుకు లోబడినవే, పూజాక్రమాలే వేరు. ఖమ్మం వైపు రోమను పూజాక్రమం తెలుగులో నడుస్తుంది. జగదల్‌పూర్ వైపు కేరళ నుంచి వచ్చిన తూర్పు సిరియా సంప్రదాయపు కుర్బానా, ఎక్కువగా హిందీలో. దాని ప్రధాన ప్రార్థన అద్దాయి, మారి అనే ఇద్దరు ఆదిమ ప్రచారకుల పేరు మీద ఉంది. గురువు జనానికి ఎదురుగా నిలబడాలా, బలిపీఠం వైపు తిరగాలా అన్నది ఆ సంఘంలో పెద్ద తగాదా. వాక్యపఠనాల భాగం జనం వైపు, అర్పణ భాగం పీఠం వైపు తిరిగి చేయాలన్న ఉమ్మడి పద్ధతిని 2021 నవంబరులో అమల్లోకి తెచ్చారు. ఎర్నాకుళంలో ఇది వీధికెక్కింది. సరిహద్దు దాటి పెళ్లికో చుట్టపుచూపుకో వచ్చిన కుటుంబం ఆదివారం గుడికి వెళితే భాష మారుతుంది, క్రమమూ మారుతుంది. సత్ప్రసాదం మాత్రం రెండు చోట్లా చెల్లుతుంది. సీరో మలబారు పూజ తెలుగులో లేకపోలేదు. 1999లో చాందా పీఠం నుంచి ఏర్పడిన ఆదిలాబాద్ మేత్రాసనం ఆ పని చేస్తోంది. 2017లో వచ్చిన శంషాబాద్ మేత్రాసనంతో మిగిలిన తెలుగు జిల్లాల్లోని సీరో మలబారువారికీ సొంత పీఠం ఏర్పడింది.

ఈ ఏజెన్సీలో చర్చి అన్న మాట మొదట ప్రొటెస్టెంటులతో వచ్చింది. 1860లలో గోదావరి ఎగువన నౌకాయాన పనులు చూసిన హేగ్ అనే ఇంజినీరు చొరవతో దుమ్ముగూడెంలో చర్చి మిషనరీ సొసైటీవారు కోయల కోసం మిషన్ తెరిచారు. తర్వాతి దశాబ్దంలో వచ్చిన జాన్ కెయిన్ భద్రాచలం, రేకపల్లి తాలూకాల గురించి రాసిన వ్యాసాలు కోయల చరిత్ర చదివేవారికి నేటికీ పనికొస్తాయి. కథోలికులు ఇక్కడికి చేరింది తీరాన్నుంచి, దక్కను నుంచి, చాలా ఆలస్యంగా.

తీరం నుంచి అడవి దాకా

తెలుగు దేశంలో కథోలిక గ్రామజీవనం 1701 ప్రాంతంలో ఫ్రెంచి జెస్విట్లు పుంగనూరులో ప్రారంభించిన కర్ణాటక మిషన్‌తో మొదలైంది. అనంతపురం సీమలోని కృష్ణాపురం దానికి రెండో కేంద్రం. పద్దెనిమిదో శతాబ్దపు నడిమి కాలంలో మంగళగిరి ఆనందకవి రాసిన ‘వేదాంత రసాయనము’ ఆ వాతావరణంలో పుట్టిన తెలుగు క్రైస్తవ కావ్యం. ఆ కాలంలోనే కొన్ని రెడ్డి కుటుంబాలు కరవులకు, యుద్ధాలకు తాళలేక గుంటూరు సీమకు తరలివచ్చి ఫిరంగిపురం వంటి ఊళ్లలో స్థిరపడ్డాయి.

1773లో జెస్విట్ సభను పోపు రద్దు చేశాడు. తర్వాత వందేళ్ల పాటు ఆ ఊళ్లకు గురువు దర్శనం అరుదు. పాండిచ్చేరి వైపు నుంచి ఎప్పుడో ఒక ఫాదర్ వచ్చి, పోగుపడిన జ్ఞానస్నానాలు, పెళ్లిళ్లు ఒక్క విడతలో ముగించి వెళ్లేవాడు. మధ్యకాలంలో జపాలు చెప్పినది, పండుగ తేదీలు గుర్తుపెట్టినది, చనిపోయినవారిని సాగనంపినది ఊరి పెద్దలూ ఉపదేశులే. 1875 నుంచి మిల్‌హిల్ సభ మిషనరీలు నెల్లూరు, గుంటూరు ప్రాంతాలకు వచ్చేసరికి వారికి బతికున్న సంఘాలే దొరికాయి. సబ్‌స్టేషన్ ఆదివారానికి మూలం ఈ వందేళ్ల శిక్షణలో ఉందని చెప్పడం సాహసం కాదు.

ఉత్తరాన విశాఖపట్నంలో 1846 నుంచి ఫ్రాన్సిస్ దె సేల్స్ సభవారు పనిచేశారు. వారి పరిధి కాగితం మీద మధ్యపరగణాల దాకా పాకింది. 1887లో నాగపూర్ పీఠం అందులోంచి విడివడింది, నాగపూర్ నుంచి 1964లో రాయపూర్, అక్కడి నుంచి జగదల్‌పూర్ వచ్చాయి. దక్కనులో 1855 నుంచి మిలాను మిషనరీలు. హైదరాబాదు నుంచి 1930లలో బెజవాడ, 1952లో వరంగల్, వరంగల్ నుంచి ఖమ్మం ఏర్పడ్డాయి. ఇలా కిష్టారానికి అటూ ఇటూ ఉన్న రెండు పీఠాల వంశవృక్షాలూ వెనక్కి వెళితే తెలుగు పట్టణాల్లోనే తేలతాయి.

ఉపదేశి

ఉపదేశికి గురుపట్టం ఉండదు. పెళ్లాం పిల్లలతో గుడి పక్కనే ఉంటాడు, మేత్రాసనం ఇచ్చే కొద్దిపాటి జీతంతో, సొంత సేద్యంతో బతుకుతాడు. పిల్లలకు పరలోక జపం, మంగళవార్త జపం, విశ్వాస సంగ్రహం కంఠతా పట్టించడం ఆయన మొదటి పని. ఎవరింట్లో బిడ్డ పుట్టింది, ఎవరికి పెళ్లి కుదిరింది, ఎవరు మంచానపడ్డారు అన్న లెక్క ఆయన నోటుబుక్కులో ఉంటుంది. ఫాదర్ మోటారుసైకిలు దిగగానే చేతికిచ్చేది ఆ నోటుబుక్కే. బిడ్డ ప్రాణం మీదికొస్తే గురువు కోసం ఆగకుండా ఎవరైనా జ్ఞానస్నానం ఇవ్వవచ్చని తిరుసభ చట్టమే చెబుతుంది. ఏరు పొంగే కాలంలో ఈ అవకాశాన్ని ఎక్కువగా వాడుకోవాల్సి వచ్చేది ఉపదేశే.

ఆయన నడిపే ఆదివారాన్ని రోము అధికారికంగా గుర్తించింది ఆలస్యంగా. గురువు దొరకనప్పుడు వాక్యారాధన జరుపుకోవచ్చని 1983 నాటి చట్టం 1248వ అధికరణం చెప్పింది. గురువు లేని ఆదివార ఆరాధన ఎలా ఉండాలో 1988లో ఒక మార్గదర్శిని వెలువడింది. తెలుగు పల్లెలు అప్పటికే రెండు శతాబ్దాలుగా చేస్తున్న పనికి అది రాతపూర్వకమైన అనుమతి. ఐరోపాలో గురువుల కొరత వచ్చాక గాని పెద్దల దృష్టి ఇటు పడలేదు.

ఇటీవలి దశాబ్దాల్లో ఉపదేశి పనిలో కొంత భాగం సిస్టర్ల చేతికి వచ్చింది. ఏజెన్సీలో మఠం అంటే మందులిచ్చే చోటు, ఆడపిల్లల హాస్టలు కూడా. ఊరివాళ్లలో చాలామందికి ఫాదర్ కంటే సిస్టరే ఎక్కువ పరిచయం.

వారం గడిచే తీరు

ఏజెన్సీ పల్లెల్లో రోజుల లెక్క సంతతో నడుస్తుంది. ఏ ఊరి సంత ఏ రోజో తెలిస్తే వారం తెలిసినట్టే. సంత ఆదివారం పడిన చోట పూజ వేళ జరిగిపోతుంది. ఇప్పపువ్వో చింతపండో నెత్తిన పెట్టుకుని పొద్దున్నే బయల్దేరేవారిని గంట కొట్టి ఆపడం ఎవరి వల్లా కాదు. 1953లో పన్నెండవ పియూసు పోపు సాయంత్రపు పూజకు అనుమతి ఇచ్చాడు. అంతకుముందు సత్ప్రసాదం తీసుకోదలిస్తే అర్ధరాత్రి నుంచి పచ్చి మంచినీళ్లు కూడా ముట్టకూడదు. ఆ ఉపవాసం 1957లో మూడు గంటలకు, 1964లో ఒక్క గంటకు తగ్గింది. కూలికి పోయే ఆడవాళ్లకు, దూరపు పల్లెలకు ఈ రెండు సడలింపుల వల్ల జరిగిన మేలు పెద్ద పెద్ద సిద్ధాంత మార్పుల వల్ల జరగలేదు. మావోయిస్టులకూ బలగాలకూ పోరు నడిచిన సరిహద్దు గ్రామాల్లో మాత్రం చీకటిపడ్డాక ప్రయాణం ఎవరూ పెట్టుకోరు. 2018 మార్చి 13న కిష్టారం–పాలోడి దారిలో పేలిన మందుపాతరకు 9 మంది సీఆర్‌పీఎఫ్ జవాన్లు బలయ్యారు. అలాంటి దారుల మీద పూజ వేళను నిర్ణయించేది పొద్దే.

పూజ ఉన్న ఆదివారానికి సన్నాహం శనివారం సాయంత్రమే మొదలవుతుంది. గుడి ముందు ఊడ్చి కళ్లాపి చల్లుతారు, ముగ్గులో సిలువ వేస్తారు. మర్నాడు మొదటి గంటకు నిద్ర లేవాలి, రెండో గంటకు స్నానం అయిపోవాలి, మూడో గంటకు గుడిలో ఉండాలి. ఫాదర్ ఇంకా రాకపోతే జపమాల మొదలుపెడతారు. చెప్పులు బయట విడిచి, ఆడవాళ్లొక వైపు మగవాళ్లొక వైపు చాపల మీద కూర్చుంటారు. ఫాదర్ తెచ్చే సంచిలో పూజాపాత్ర, అప్పాలు, చిన్న సీసాలో ద్రాక్షరసం, మడతపెట్టిన పూజావస్త్రాలు, పూజ పుస్తకం ఉంటాయి. పూజకు ముందు ఒక మూల కుర్చీ వేసుకుని పాపసంకీర్తనం వింటారు. పంట చేతికొచ్చిన కాలంలో కానుకగా వచ్చిన గుమ్మడికాయను, కోడిపుంజును పూజ తర్వాత గుడి ముందు వేలం వేస్తారు. పాడుకున్నవాడు పుంజును మళ్లీ గుడికే ఇచ్చేసి రెండోసారి పాట పెట్టించడమూ ఉంది.

మిగతా రోజులకూ గుర్తులున్నాయి. మంగళవారం పదువాపురి అంతోనివారి నవదిన జపం, శనివారం మరియమాతది, నెలలో మొదటి శుక్రవారం యేసు తిరుహృదయానిది. తపస్సుకాలంలో శుక్రవారం సాయంత్రాలు సిలువ మార్గం. మే, అక్టోబరు నెలల్లో జపమాల ఇంటింటికీ తిరుగుతుంది. ఆ రోజు ఆ ఇంటివారు మరమరాలో బెల్లమో పంచుతారు. దేశంలో 1931 నుంచి ఉన్న మరియ దళం సభ్యులు రోగులను చూసివస్తారు. ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో గుణదల మాత తిరునాళ్లకు విజయవాడ పోవడం గోదావరి జిల్లాల నుంచి ఏజెన్సీ దాకా పాకిన అలవాటు. 1924లో ఆర్లాటి అనే ఇటలీ గురువు గుణదలలో మరియమాత స్వరూపాన్ని పెట్టడంతో మొదలైన యాత్ర అది.

లాటిన్ పోయి తెలుగు

1960ల దాకా పూజ లాటిన్‌లో సాగేది. గురువు పీఠం వైపు తిరిగి మెల్లగా చదువుకుంటుంటే జనం జపమాల తిప్పుకునేవారు, గంట వినపడ్డప్పుడు తలవంచేవారు. రెండో వాటికన్ మహాసభ 1963 డిసెంబరు 4న ఆమోదించిన ఆరాధన పత్రంతో స్థానిక భాషలకు తలుపు తెరుచుకుంది. భారతదేశానికి సంబంధించిన 12 అంశాలను రోము 1969 ఏప్రిల్ 25న అంగీకరించింది: నేల మీద కూర్చోవడం, చెప్పులు విడవడం, మోకాళ్లూనడానికి బదులు చేతులు జోడించడం, కొవ్వొత్తుల స్థానంలో నూనె దీపాలు, హారతి. పట్నాల్లో ‘హిందూ ఆచారాలు తెస్తున్నారు’ అని అభ్యంతరాలు లేచాయి. పల్లెల్లో అంత గొడవ లేదు; నేల మీద కూర్చోవడం వారికి రోము నేర్పవలసిన విద్య కాదు.

రిజిస్టరు, కులం, సమాధి

విచారణలో అతి పాత వస్తువు తరచుగా జ్ఞానస్నానాల రిజిస్టరే. 1563లో ట్రెంట్ మహాసభ ఆదేశం నుంచి స్థిరపడుతూ వచ్చిన ఈ పద్ధతి ప్రకారం జ్ఞానస్నానాలు, వివాహాలు, మరణాలు వేరువేరు పుస్తకాల్లో ఎక్కుతాయి. తెలుగు దళిత కథోలికులకు ఈ పుస్తకం ఇబ్బంది కూడా. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులు షెడ్యూల్డు కులాల హోదాకు అనర్హులు. తెలుగు రాష్ట్రాల్లో వారికి దక్కేది బీసీ–సీ కింద ఒక్క శాతం. గుడిలో ఒక పేరు, బడిలో ఒక పేరు ఉండడానికి కారణం ఇదే. 2024 నవంబరులో పుదుచ్చేరికి చెందిన ఒక కేసులో సుప్రీంకోర్టు జ్ఞానస్నానాన్ని కూడా మత నిర్ధారణకు ఆధారంగా లెక్కలోకి తీసుకుంది. షెడ్యూల్డు తెగలకు మతంతో ఈ ముడి లేదు కాబట్టి కోయ, దొర్ల క్రైస్తవుల హోదా పోదు. గుడి లోపలి కులమైతే వేరే సంగతి. కులవివక్షను భారత కథోలిక పీఠాధిపతుల సమాఖ్య 1982లోనే ఖండించినా, రెడ్డి, దళిత కుటుంబాలు కలిసి ఉన్న పాత విచారణల్లో కూర్చునే చోటు గురించి, తేరు మోసే వరుస గురించి తగవులు ఆ తర్వాతా సాగాయి. 2022లో హైదరాబాదు అగ్రపీఠాధిపతి పూల అంతోని కార్డినల్ అయినప్పుడు, దళితుల నుంచి ఆ స్థానానికి చేరిన తొలి వ్యక్తిగా ఆయన పేరు పల్లె గుళ్లలో ప్రత్యేకంగా వినిపించింది.

నవంబరు 2 సమాధుల పండుగ. గోరీలకు సున్నం కొట్టి, పూలు పరిచి, కొవ్వొత్తులు పెడతారు; ఫాదర్ ఒక్కొక్క గోరీ మీద తీర్థం చల్లుతారు. బస్తర్‌లో సమాధికి స్థలం దొరకడమే సమస్యగా మారింది. అక్కడ గుడికీ భద్రత లేకపోయింది: 2023 జనవరి 2న నారాయణపూర్‌లో కథోలిక గుడిని గుంపు ధ్వంసం చేసింది. 2025 జనవరిలో బస్తర్ జిల్లా ఛింద్‌వాడ గ్రామానికి చెందిన ఒక ఆదివాసేతర క్రైస్తవ కుటుంబం తమవాడిని ఊళ్లో పూడ్చుకోవడానికి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. సొంత పొలంలో పూడ్చవచ్చని ఒక న్యాయమూర్తి, కేటాయించిన శ్మశానంలోనే పూడ్చాలని మరొకరు తీర్పు చెప్పారు. అప్పటికి మూడు వారాలుగా శవం మార్చురీలో ఉండడంతో, 20 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న క్రైస్తవ శ్మశానంలో ఖననం చేయాలని జనవరి 27న ఇద్దరూ కలిసి ఆదేశించారు.