తాలీమ్ అంటే చదువే



ఉర్దూ మీడియం బడిలో పాఠాలు చెప్పుకొని బతికేవాణ్ణి. 'తాలీమ్' అనే మాట రోజుకు పదిసార్లయినా నా నోట వస్తుంది. అరబ్బీ నుంచి ఉర్దూలోకి వచ్చిన ఈ మాటకు బోధన, చదువు అని అర్థం. కాని మా నాన్న తరం వాళ్లు "తాలీమ్‌కు పోతున్న" అన్నారంటే బడికి పోతున్నట్టు కాదు. బొగ్గుబాయి డ్యూటీ దిగి, స్నానం చేసి, లంగోటీ బిగించి మట్టిలోకి దిగబోతున్నట్టు. కుస్తీ పట్టే చోటు, కర్ర తిప్పే చోటు, దండీలు, బస్కీలు తీసే చోటు, అన్నిటికీ అదే పేరు. చదువుకూ కసరత్తుకూ ఒకే మాట ఎందుకు పెట్టారు? ఈ ప్రశ్న నన్ను చాలా ఏండ్లు వెంటాడింది. దానికి నాకు దొరికిన జవాబే ఈ వ్యాసం.

మొట్టమొదట ఒక అపోహ తొలగించుకోవాలి. సాము, కుస్తీ కుర్రకారు పనులనీ, పెండ్లయి పిల్లలు పుట్టినవాడికి అవి ఎందుకనీ మనలో చాలామంది అనుకుంటారు. చరిత్ర అట్లా చెప్పదు. విజయనగరాన్ని ఏలిన శ్రీకృష్ణదేవరాయల దగ్గరికి 1520 ప్రాంతంలో డొమింగో పేస్ అనే పోర్చుగీసు యాత్రికుడు వచ్చాడు. రాయలు అప్పటికి నడివయసు దాటుతున్నవాడు. తెల్లవారక ముందే ఆయన నువ్వుల నూనె తాగి, అదే నూనె ఒంటికి పట్టించుకొని, మట్టితో చేసిన పెద్ద బరువులు ఎత్తేవాడని పేస్ రాసిపెట్టాడు. తాగిన నూనె చెమటగా కారిపోయేదాకా కత్తి సాధన చేసి, తన మల్లుల్లో ఒకడితో కుస్తీ పట్టి, ఆ తరువాత గుర్రమెక్కేవాడట. రాజ్యభారం మోసే మనిషికే తీరిక దొరికితే, మనకు దొరకదా?

అంతకు ముందు నాలుగు వందల ఏండ్ల కింద, మన ప్రాంతం కల్యాణి చాళుక్యుల ఏలుబడిలో ఉన్న కాలంలో, మూడవ సోమేశ్వరుడు రాయించిన 'మానసోల్లాసం' అనే సంస్కృత గ్రంథంలో మల్లుల గురించి ప్రత్యేకంగా ఒక భాగమే ఉంది. మల్లుల తరగతులు, వారి తిండి, వారి సాధన అందులో వర్ణించారు. ఇక అక్బరు కొలువులో ఇరాన్, తూరాన్ దేశాల పహిల్వాన్లు, గుజరాత్ మల్లులు కలిసి ఉండేవారని 'ఐనె అక్బరీ'లో అబుల్ ఫజల్ రాశాడు. ఈ రెండు ధారలూ కలిసి పారినదే నేటి మన కుస్తీ. మాటలే అందుకు సాక్ష్యం. కుస్తీ, పహిల్వాన్, ఉస్తాద్ అనేవి ఫార్సీ నుంచి వచ్చినవి. మల్లుడు, సాము, గరిడీ అనేవి ఇక్కడివి. ఉర్దూలో దండ్, బైఠక్ అంటాం, తెలుగులో దండీలు, బస్కీలు అంటాం. మాట మారింది గాని మోకాలి నొప్పి ఒక్కటే! ఈ విద్య ఒక మతానిదో ఒక కులానిదో అని ఎవరన్నా అంటే, ఆ నాలుగు మాటలు వాళ్లకు వినిపించండి చాలు.

మన తెలంగాణ పల్లెల్లో పీర్ల పండుగ వస్తే అలావ చుట్టూ హిందువులు, ముస్లింలు కలిసే తిరుగుతారు. పీర్ల ముందర కర్రసాము చేసినవాళ్లలో ఇరువురూ ఉండేవారు. అటు గోదావరి చివర అమలాపురంలో దసరా ఊరేగింపునాడు కత్తులు, కర్రలు తిప్పుతూ చేసే ప్రదర్శనను నేటికీ 'చెడీ తాలింఖానా' అనే అంటారు. దసరా పండుగకు మన ఉర్దూ మాట! ఇంతకన్నా ఏం చెప్పాలి?

ఇక మన బెల్లంపల్లి సంగతికి వద్దాం. సింగరేణి కాలరీస్ కంపెనీ 1920లో ఏర్పడింది. మన వైపు బొగ్గు తవ్వకం 1920ల చివరలో మొదలైంది. 1929లో కాజీపేట - బల్లార్షా రైలు మార్గం పూర్తయి మద్రాసు, ఢిల్లీ కలిశాయి. ఎక్కడెక్కడి మనుషులో రైలు దిగి ఇక్కడ బాయి పనికి కుదిరారు. తట్ట, చెమ్మస్ పట్టి టబ్బులు నింపిన ఆ కాలం కార్మికుడికి వేరే కసరత్తు ఎందుకని మీరు అడగవచ్చు. మా నాన్ననూ నేను అదే అడిగాను. "బాయి పని ఒళ్లు అరగదీస్తది, తాలీమ్ ఒళ్లు నిలబెడ్తది" అన్నాడాయన. రోజంతా ఒకే పక్కకు వంగి బొగ్గు ఎత్తిన నడుముకు బస్కీలు, ముగ్దర్ తిప్పడం విరుగుడుగా పనిచేసేవని ఆయన నమ్మకం. పైగా అక్కడ ఎవరిది ఏ కులం, ఎవరు ఏ యూనియన్ అనే లెక్క లేకుండె. మట్టి అంటిన ఒంటికి తేడా ఏముంటది?

తరువాత కాలం మారింది. చెమ్మస్ పోయి యంత్రాలు వచ్చాయి. ఊళ్లోని పాత బాయిలు ఒకటొకటే మూతపడ్డాయి. 2016లో మన ఊరు ఆదిలాబాద్ జిల్లా నుంచి మంచిర్యాల జిల్లాలోకి మారింది. పని తేలికైంది, తిండి పెరిగింది, నడక తగ్గింది. ఇంటింటా షుగరు, బీపీ గోలీలు. మరోవైపు పహిల్వాన్ అనే మాటకే చెడ్డపేరు వచ్చిపడింది. పంచాయితీలకు వెంట తిప్పుకునే మనిషి అని దానికి అర్థం చెప్పుకోసాగారు. మర్యాదస్తులు పిల్లల్ని తాలీమ్‌కు పంపడం మానుకున్నారు. కొన్నాళ్లకు కరాటే వచ్చింది. బ్రూస్ లీ 'ఎంటర్ ద డ్రాగన్' సినిమా 1973లో వచ్చిన తరువాత కరాటే మోజు దేశమంతా పాకింది. అది మంచిదే. కాని మనం పిల్లల్ని అక్కడ దింపి, బయట స్కూటర్ మీద కూచొని చూసేవాళ్లమయ్యాం. నేర్చుకునే వయసు మనకు దాటిందని మనమే తీర్పు చెప్పుకున్నాం.

ఆ కరాటేను లోకానికి పరిచయం చేసినవాడి కథ వినండి. గిచిన్ ఫునకోషి 1868లో జపాన్‌కు చెందిన ఒకినావా దీవిలో పుట్టాడు. చిన్నప్పుడు రోగిష్ఠి. పెద్దయ్యాక వృత్తి ఏమిటనుకున్నారు? బడిపంతులు! ఏండ్ల తరబడి పాఠాలు చెప్పి, యాభై దాటాక, 1922లో టోక్యో వెళ్లి కరాటే ప్రదర్శించి అక్కడే నేర్పసాగాడు. 1882లో జూడోను స్థాపించిన జిగొరో కానో కూడా విద్యావేత్తే. ఉపాధ్యాయుల్ని తయారు చేసే కళాశాలకు చాలా ఏండ్లు అధిపతిగా ఉన్నాడు. మన రవీంద్రనాథ్ ఠాగూరు ఆ జూడో విలువ గుర్తించి, తకగాకి అనే జపాన్ గురువును 1929లో శాంతినికేతనానికి రప్పించారు. అక్కడ ఆడపిల్లలూ నేర్చుకున్నారు. 'కలియుగ భీముడు' అని పేరు మోసిన మన కోడి రామమూర్తి నాయుడు గారు సైతం విజయనగరంలో వ్యాయామ ఉపాధ్యాయులుగా పనిచేసినవారే. తాలీమ్ అంటే చదువే అని ఇన్ని దేశాల పంతుళ్లు రుజువు చేశారు.

చదువు మనిషికి వినయం నేర్పాలి. గామా పహిల్వాన్ 1910లో లండన్ వెళ్లి జిబిస్కో అనే మహాబలుణ్ణి రెండున్నర గంటలకు పైగా నేలకు అదిమి ఉంచాడు. 1928లో పటియాలాలో మళ్లీ తలపడినప్పుడు ఒక్క నిమిషంలోపే పడేశాడు. అప్పటికి గామాకు యాభై ఏండ్ల దగ్గర! కాని నేను ఆయనకు సలాం చేసేది ఆ గెలుపులకు కాదు. 1947లో విభజన అల్లర్లప్పుడు లాహోర్‌లో తన వీధిలోని హిందూ కుటుంబాలకు ఆయన అడ్డంగా నిలబడి కాపాడాడని చెబుతారు. అదీ బలమంటే! పడేసినవాడు కాదు, కోపాన్ని పట్టి ఆపినవాడే బలవంతుడని మన దీన్ చెప్పేదీ ఇదే కదా.

మన దగ్గరి ముచ్చట ఒకటి చెప్పకుంటే ఈ వ్యాసం పూర్తి కాదు. నిజామాబాద్ బిడ్డ నిఖత్ జరీన్ బాక్సింగ్‌లో 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ విజేత అయింది. ఆ ఊరి హుసాముద్దీన్ 2018, 2022 కామన్వెల్త్ క్రీడల్లో కాంస్యాలు తెచ్చాడు. ఆడపిల్లకు ఇవెందుకని నలుగురు అనే చోటి నుంచే ఆ బిడ్డ అంత దూరం పోయింది. ఇక మన ఇండ్లల్లోని తల్లులు, చెల్లెండ్లు ఒంటి బలం కోసం, ధైర్యం కోసం రెండు పట్లు నేర్చుకుంటే తప్పేముంది?

నా సంగతి దాచుకోను. నలభై ఒకటో ఏట షుగరు ఉన్నట్టు తేలింది. రెండో అంతస్తు క్లాసుకు మెట్లెక్కితే ఆయాసం. సిగ్గు చంపుకొని మా మొహల్లాలో మిగిలిన ఒక పెద్ద ఉస్తాద్ దగ్గరికి పోయాను. మొదటి దినం పది బస్కీలకే కూలబడ్డాను. ఆయన నవ్వలేదు. "మాస్టర్ సాబ్, నీ బడిల అలిఫ్ రాని పోరణ్ణి నువ్వు కొడ్తవా? మెల్లగ నేర్పుతవు గదా" అన్నాడు. నెల రోజులు కర్ర చేతికియ్యలేదు. అడుగు మార్చే తీరు, ఊపిరి పట్టే తీరు, అంతే. కర్ర ఇచ్చిన నాడు మూడు మాటలు చెప్పాడు. తప్పించుకునే దారి ఉంటే తప్పించుకో. ముందు చెయ్యి ఎత్తకు. ఎదుటివాడు పడినంక మల్ల కొట్టకు. తరువాత తెలిసింది, చట్టమూ దాదాపు అదే అంటుందని. 2024 జూలై నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు సెక్షన్లు ఆత్మరక్షణ హక్కు గురించినవే. హక్కు ఉంది, కాని ఆపదకు అవసరమైనంత మేరకే. చదువు రాని ఉస్తాద్ చట్టం చదివిన వకీలు మాట చెప్పాడు!

నేడు షుగరు పోయిందని చెప్పను, అదుపులో ఉంది. మెట్లెక్కితే ఆయాసం లేదు. బడిలో కోపం తగ్గిందని పిల్లలే అంటున్నారు.

కావున సంఘ పెద్దలకు నా విన్నపం. మన సంఘం ఆవరణ సాయంత్రాలు ఖాళీగానే ఉంటున్నది. ముప్పై దాటిన మగవారికి ఒక వేళ, స్త్రీలకు వేరే వేళ, నేర్పగల స్త్రీని చూసి, తాలీమ్ మొదలుపెడదాం. పెద్దలు వారానికి కనీసం 150 నిమిషాలు ఒళ్లు కదిలించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. రోజుకు అరగంట చొప్పున ఐదు రోజులు వస్తే ఆ లెక్క నిండుతుంది. గుండె జబ్బు, బీపీ ఉన్నవారు ముందు డాక్టరును అడిగి రావాలి. మోకాళ్లు నొప్పి ఉన్నవారు బస్కీలు మాని ముగ్దర్‌తో మొదలుపెట్టవచ్చు. మతం, యూనియన్ అడగకుండా ఇరుగుపొరుగును కూడా పిలుద్దాం. మన తాతలు అట్లాగే చేశారు.

మా ఉస్తాద్‌కు డెబ్బై దాటాయి. ఆయన తరువాత ఆ అడుగులు చెప్పేవారు మా మొహల్లాలో లేరు. పుస్తకం పోతే మళ్లీ అచ్చు వేయించుకోవచ్చు. ఒంట్లో ఉన్న చదువు ఒంటితోనే మట్టిలో కలుస్తుంది. ఆయన ఉండగానే నేర్చుకుందాం. హాజరు పట్టీలో మొదటి పేరు నాది రాసుకోండి.