మేనిపై నిలిచిన పరిమళము

పెండ్లివారి గుమ్మమువద్ద పన్నీరుబుడ్డితో ఒకరు, గంధపుగిన్నెతో మరియొకరు నిలుచుండుట తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతములవారికి క్రొత్తగా చెప్పవలసిన సంగతి కాదు. వచ్చినవారిపై పన్నీరు చిలుకుదురు. పిమ్మట మెడకో, ముంజేతికో గంధము పూయుదురు. పన్నీటి వాసన అతిథి పందిరిలో కూర్చుండులోపలనే పోవును. గంధము మాత్రము తలంబ్రాలు ముగిసి, భోజనములై, తాంబూలము పుచ్చుకొని బయలుదేరునప్పటికిని ముంజేయి వాసన చూచుకొన్న తెలియుచునే యుండును. ఒక మర్యాదకు రెండు పరిమళములెందుకని చిన్ననాడు మా అమ్మమ్మ నడిగితిని. "ఒకటి పలకరించడానికిరా, ఒకటి వెంట వెళ్ళడానికి" అన్నది. ఆమె రసాయనశాస్త్రము చదువలేదు. అయినను చెప్పినది శాస్త్రమే.

వాసన యనగా వస్తువునుండి ఆవిరియై లేచి ముక్కును చేరు అణువుల సమూహము. తేలికయైన అణువులు వేగముగా లేచిపోవును. నిమ్మ, నారింజ తొక్కల వాసన అట్టిది. బరువైన అణువులు నెమ్మదిగా లేచును. చందనము, కస్తూరి, పునుగు ఈ జాతివి. మన చర్మము వెచ్చనిది గనుక దానిపై పూసిన పరిమళము గిన్నెలోనున్న దానికంటె త్వరగా ఎగిరిపోవును. పొడిబారిన మేనిమీద మరింత త్వరగా పోవును. నూనె గాని, మరియేదైన స్నిగ్ధపదార్థము గాని అడుగుననున్నచో పరిమళము దానిలో కరిగి, విడివడుటకు ఆలస్యమగును. పరిమళమును నిలువబెట్టు విద్య అంతయు ఈ రెండు మాటలలోనే యున్నది: తేలిక వాసనకు బరువైన దానిని తోడిచ్చుట, పొడి చర్మమునకు స్నిగ్ధత నిచ్చుట.

మన పెద్దలు పండుగనాటి తలంటికి ఏర్పరచిన క్రమమును చూడుడు. మొదట నువ్వులనూనె, తరువాత సున్నిపిండి, వేడినీళ్ళు, తడి తలకు సాంబ్రాణి పొగ, మేను పూర్తిగా ఆరకమునుపే గంధము. సున్నిపిండి నూనెను బొత్తిగా తీసివేయదు. పలుచని పొర యొకటి మిగులును. ఆ పొరమీద పూసిన గంధము పట్టినట్లు పొడిచర్మముపై పట్టదు. సాంబ్రాణియు చెట్టుబంక యగుటచేత దాని వాసన తడివెండ్రుకలలో చిక్కుకొని మరునాటివరకు విడువదు. ఈ వరుసను తారుమారు చేసి చూచినవారికి భేదము తానే తెలియును.

గ్రంథములలోనికి వచ్చినచో, ఆరవ శతాబ్దివాడైన వరాహమిహిరుడు బృహత్సంహితలో గంధయుక్తి యను ప్రకరణమునే వ్రాసినాడు. పదునారు ద్రవ్యములనుండి నాలుగేసి చొప్పున ఏరినచో 1820 విధములగునని లెక్కకట్టి, ఒక్కొక్క దానికి పాళ్ళ భేదముచేత 96 రూపములున్నవని హెచ్చవేయుమన్నాడు. మొత్తము 1,74,720 పరిమళములు. జ్యోతిష్కుడు గదా, అత్తరునైనను లెక్కపెట్టక వదలలేదు! కల్యాణి చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు పండ్రెండవ శతాబ్దిలో రచించిన మానసోల్లాసములో ఏ ఋతువునకు ఏ పూత తగునో చెప్పియున్నాడు. ఎండకాలపు చర్మము వేరు, చలికాలపు చర్మము వేరు అను సంగతి అతనికి తెలియును.

గ్రంథములనుండి మన సముద్రతీరమునకు వత్తము. చీరాలకు దక్షిణముగా చిన్నగంజాము దగ్గర మోటుపల్లి యను గ్రామము కలదు. 2022లో జిల్లాలు మారిన తరువాత అది బాపట్ల జిల్లాలో చేరినది. ఈనాడు చూచినవారికి అది ఇసుకదిబ్బల నడుమ నొక పల్లె. ఏడువందల ఎనుబది ఏండ్లకు పూర్వము అది కాకతీయులకు సముద్రద్వారము. దేశ్యుయ్యకొండపట్టణమని దానికి మరియొక పేరు. అక్కడి వీరభద్రాలయములో కాకతి గణపతిదేవుని శాసనస్తంభము కలదు. శకవర్షము 1166, అనగా క్రీస్తుశకము 1244-45 నాటిది. అభయశాసనమని దానికి ప్రసిద్ధి.

ఆ అభయమెవరికి? ఓడవర్తకులకు. తుపానులో చిక్కి దారితప్పి ఒడ్డుకు కొట్టుకొనివచ్చిన ఓడలలోని బంగారము, ఏనుగులు, గుఱ్ఱములు, రత్నములు మున్ను రాజులు బలాత్కారముగ లాగుకొనుచుండిరి. ఓడ మునిగి బ్రదికినవాడు తీరమున దోపిడికి గురియగుచుండెను. అదియు దొంగలచేత కాదు, ప్రభువుచేత. ప్రాణములకంటె ధనమే ఎక్కువయని నమ్మి సముద్రమునకు సాహసించిన వీరియెడ దయగొని, నిర్ణయించిన సుంకము తప్ప మరేదియు పుచ్చుకొనమని గణపతిదేవుడు ఆ శాసనమున మాట యిచ్చినాడు. దయతోపాటు లాభమును కూడ అతడెరుగును. దోచుకొను రేవునకు రెండవమారు ఓడ రాదు గదా.

మనకు కావలసినది ఆ మాటవెంట చెక్కిన సుంకముల పట్టిక. చందనమునకు తూకమునుబట్టి, దేశికర్పూరమునకు, చీనాకర్పూరమునకు వెలనుబట్టి సుంకము. పన్నీరు, జవ్వాజి, కర్పూరతైలము, ఇతర సుగంధద్రవ్యములు దంతముతోను, రాగితోను, సీసముతోను, పట్టునూలుతోను, పగడములతోను ఒకే వరుసలో నిలిచినవి. ఇవి చిల్లర సరకులైనచో రాతిమీదికి ఎక్కెడివి కావు. ఓరుగల్లులో ఒకరి మేనిపై జవ్వాజి సాయంకాలమువరకు నిలిచినదనగా దానివెనుక ఒక ఓడ, ఒక నావికుడు, ఒక శాసనము ఉన్నవి. ఆ శతాబ్ది చివర వచ్చిన మార్కోపోలో ముత్ఫిలి యని వ్రాసినది ఈ మోటుపల్లినే. అతని కన్ను ఇక్కడి వజ్రములపైనను, సాలెగూటివంటి సన్నని వస్త్రములపైనను నిలిచినది.

కాకతీయుల తరువాత ఈ సీమ రెడ్డిరాజుల పాలైనది. 1358లో అనపోతారెడ్డి మోటుపల్లిలోనే శాసనము వేయించి వర్తకులకు మరల అభయమిచ్చినాడు. అతని తరువాతి తరమువాడు కుమారగిరిరెడ్డి, 1386 మొదలు 1402 వరకు కొండవీటి ప్రభువు. ఏటేట వసంతోత్సవములు జరిపి కర్పూరము వెదచల్లించుటచేత కర్పూరవసంతరాయలని బిరుదు పొందినాడు. ఆ ఉత్సవములకు పరిమళద్రవ్యములను సమకూర్చినవాడు అవచి తిప్పయసెట్టి. శ్రీనాథుడు హరవిలాసమును ఈ సెట్టికే అంకితమిచ్చి, అతడు ఏ దేశమునుండి ఏ సరకు తెప్పించెనో చెప్పియున్నాడు. పంజారమునుండి కర్పూరవృక్షములు, గోవానుండి సంకుమదము, భోటదేశమునుండి కస్తూరి. పంజారమనగా సుమత్రా దీవిలోని పన్సూరని చరిత్రకారులు తలచుచున్నారు; అక్కడి కర్పూరము బంగారముతో సరితూగునని మార్కోపోలో కూడ వ్రాసినాడు. సంకుమదము పునుగుజాతిది. భోటమనగా హిమాలయప్రాంతము. పైకి సరకుల జాబితావలె తోచు ఈ వర్ణనలో పరిమళవిద్య యున్నది. కర్పూరము గట్టిగానున్నను కరుగకయే గాలిలో కలిసిపోవును, అడుగున మరకయైన మిగులదు. ఉత్సవమునాడు చల్లుటకు అది సరి. మేనిపై నిలువవలెనన్న సంకుమదము, కస్తూరి, చందనము కావలెను. తిప్పయసెట్టి ఎగిరిపోవుదానిని తెప్పించెను, దానిని పట్టియుంచుదానిని కూడ తెప్పించెను.

రాజు మాత్రము బిరుదునకు కర్పూరమునే ఎన్నుకొన్నాడు! రాజ్యభారమును బావమరిదియైన కాటయవేమునిపై నుంచి భోగములలో మునిగినాడని చరిత్రకారులు అతనిని నిందింతురు. ఆ నింద పూర్తిగ అన్యాయము కాదు. 1402లో కొండవీడు పెదకోమటివేమారెడ్డి వశమైనది. 1424 ప్రాంతమున కొండవీటి రెడ్ల రాజ్యమే అంతరించినది. అయినను సుమత్రాకును, హిమాలయమునకును కొండవీటికి సంబంధము కలిపిన ఆ వేడుకను వట్టి దుబారా యనుటకు నాకు మనసొప్పదు. కాళిదాసు నాటకములకు కాటయవేముడు వ్యాఖ్యలు వ్రాసి కుమారగిరిరాజీయమని రాజుపేరనే ప్రకటించినాడు. కర్పూరము పోయినను అవి నిలిచినవి.

రేపల్లె ప్రక్కనున్న నిజాంపట్టణము కథ దీనికి తరువాతిది. పెట్టపోలి యని పడమటివారు వ్రాసిన ఈ రేవులో 1606లో డచ్చివారు వర్తకశాల పెట్టిరి. 1611లో ఇంగ్లీషువారి గ్లోబు ఓడ వచ్చినది. ఇక్కడి అద్దకపు వస్త్రములు తూర్పుదీవులకు పోవును, అక్కడి లవంగము, జాజికాయ, చందనము ఇక్కడికి వచ్చును. అప్పటికి ఈ తీరము గోలకొండ సుల్తానులది. వారి హైదరాబాదులో చార్మినారు చుట్టును అత్తరు అంగళ్ళు ఈనాటికిని కలవు.

అత్తరును గూర్చి ఒక్కమాట. రాగిడేగిసాలో పూలు, నీరు పోసి కాచి, ఆవిరిని వెదురుగొట్టముద్వారా మరియొక పాత్రలోనికి పంపుదురు. ఆ పాత్రలో ముందుగనే చందనతైలము పోసియుంచుదురు. పూలవాసన ఆ తైలములో దిగి కట్టుబడును. పడమటి దేశపు సెంటులో మద్యసారము ఎక్కువ. అది క్షణములో ఆరి, వాసనను ఒక్కసారి పైకి లేపును. అత్తరు అట్లు కేకపెట్టదు, చెవిలో చెప్పును. ఎక్కువసేపు చెప్పును.

ఇందులో బాధాకరమైన భాగమొకటి కలదు. కస్తూరి మగమృగపు పొట్టవద్ద నుండు తిత్తిలోనిది. ఒక తిత్తిలో సుమారు 25 గ్రాములు మాత్రమే యుండును. దానికై జంతువును చంపుచుండిరి. పునుగుకొరకు పిల్లిని బోనులో నుంచి దాని గ్రంథినుండి తీయుచుండిరి. కవులు కస్తూరీతిలకమును కొనియాడినప్పుడు మృగముమాట తలచినవారు అరుదు. 1888లో ఆల్బర్టు బార్ అను జర్మనీ రసాయనికుడు ప్రేలుడుపదార్థములతో ప్రయోగములు చేయుచు కస్తూరివాసనగల కృత్రిమద్రవ్యమును అనుకొనకుండ కనుగొన్నాడు. 1926లో లియోపోల్డ్ రుజిచ్కా అసలు కస్తూరిలోని వాసనద్రవ్యము 15 కర్బనపరమాణువుల వలయమనియు, పునుగులోనిది 17 పరమాణువుల వలయమనియు తేల్చినాడు. అంత పెద్ద వలయములు ప్రకృతిలో నిలువవని అంతవరకు పండితుల నమ్మకము. 1939లో ఆయనకు నోబెల్ బహుమానము వచ్చినది. మనదేశమున 1972 నాటి వన్యప్రాణి సంరక్షణచట్టము కస్తూరిమృగమును వేటాడుటను నిషేధించినది. ఈనాడు అంగడిలో కస్తూరి యని అమ్మునది చాలవరకు ప్రయోగశాలలో పుట్టినదే. దానికి నేను చింతింపను.

ఇంటిలో ఆచరింపదలచినవారికి వింత వస్తువులేవియు అక్కరలేదు. స్నానముచేసి మేను పూర్తిగా ఆరకమునుపే ముంజేతులకు, చెవులవెనుక ఇంచుక కొబ్బరినూనె గాని నువ్వులనూనె గాని రాచి, దానిపై అత్తరు అద్దవలెను. అద్దిన తరువాత రెండుచేతులు కలిపి రుద్దరాదు. రుద్దినచో వేడిపుట్టి తేలికవాసన ముందే ఎగిరిపోవును. సీసాను ఎండలోను, పొయ్యిప్రక్కను ఉంచరాదు. గంధపుచెక్కను నీటితో తీయునప్పుడు తొందరపడరాదు. మెత్తగా దిగిన గంధము మేనికి పట్టును, గరుకుగా దిగినది ఆరగానే రాలును.

మా అమ్మమ్మ గంధము తీసిన సానరాయి బాపట్లలో మా మేనమామగారింట ఉన్నది. నడుమ అరచేయంత పల్లము పడినది. మొన్న నేను వెళ్ళినప్పుడు మా అత్తయ్య దానిపై మనుమనికి శొంఠి అరగదీయుచుండెను. కడిగి వాసన చూచితిని. శొంఠి ఘాటే ముందు వచ్చినది. అది తగ్గిన తరువాత, అడుగున, కొంచెముగా గంధము.