కూలి జనానికి శనివారం

బనగానపల్లెలో శుక్రవారం జుమ్మా నమాజు, ఆదివారం చర్చి ప్రార్థన, శనివారం వెంకన్న పేరిట ఒక్కపొద్దు. అదే శనివారాన్ని పస్తుతో కాక విందుతో గడపాలనేది యూదుల సబ్బాతు పద్ధతి. శుక్రవారం పొద్దుగూకే ముందు దీపాలు వెలిగిస్తారు. మర్నాడు చుక్కలు పొడిచేదాకా పని ముట్టరు. ఈలోగా మూడు భోజనాలు చేయాలి. తెలుగునాట ఈ ఆచారాన్ని తమదిగా చేసుకున్న ఊరు గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గరి కొత్తరెడ్డిపాలెం. అక్కడ 1991లో షమ్యూల్ యాకోబి, సాదోక్ యాకోబి అనే అన్నదమ్ములు యూదుల ప్రార్థనా మందిరం నెలకొల్పారు. వాళ్ల వెంట నడిచిన మాదిగ కుటుంబాలు తమను బెనె ఎఫ్రాయిములంటాయి, అసీరియా చేతిలో ఇశ్రాయేలు పది గోత్రాలు చెదిరిపోయినప్పుడు ఇటు చేరిన ఎఫ్రాయీము సంతతి తామేనంటాయి.

ఈ వంశకథకు శాసనం లేదు, పాత దస్తావేజు లేదు. అంతమాత్రాన కొత్తరెడ్డిపాలేనికి చరిత్ర లేదనడం తొందరపాటు. దాని చరిత్రను అసీరియాలో కాదు, మాదిగపల్లెలోనే వెతకాలి. కరువు వెంటాడిన 1878లో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ చేతుల మీదుగా వేలమంది, అందులో ఎక్కువగా మాదిగలు, బాప్తిస్మం తీసుకున్నారు. అలా పల్లెకు చేరిన తెలుగు బైబిల్లో ఐగుప్తు దాస్యం కథ ఉంది, ఏ మాంసం తినొచ్చో చెప్పే ధర్మశాస్త్రమూ ఉంది. డెక్క చీలి నెమరువేసే జంతువు గనుక ఎద్దు మాంసం అందులో శుద్ధమే. ఊరు ఏ కూడు పేరు చెప్పి వాళ్లను దూరం పెట్టిందో, ఆ కూటినే యాకోబి సోదరులు ప్రాచీన వంశానికి గుర్తుగా చూపారు. వంశం మాట ఎలా ఉన్నా, ఈ వాదం వెనకున్న అవమానం మాత్రం కల్పితం కాదు.

భోజనం కన్నా విశ్రాంతి కష్టం. కొంకణ తీరంలో బెనె ఇజ్రాయేలీ యూదులు నూనె గానుగలు ఆడించి బతికేవారు. శనివారం గానుగ ఆపేవారు గనుక ఇరుగుపొరుగువారు వీళ్లను ‘శనివార్ తేలీ’లు, అంటే శనివారపు గానుగవాళ్లు, అన్నారు. వాళ్లను యూదులుగా గుర్తుపట్టడానికి ఆ ఆగిన గానుగ ఒక ఆధారమైంది. అయితే ఆ గానుగ వాళ్ల సొంతం. ఆపే హక్కు ఆపేవాడిదే. కొత్తరెడ్డిపాలెం బెనె ఎఫ్రాయిముల్లో ఎక్కువమంది వ్యవసాయ కూలీలు. నాట్లు, కోతల రోజుల్లో శనివారం మానితే ఆ రోజు కూలి పోతుంది. సబ్బాతు పాటించాలంటే భక్తితో పాటు తన రోజు తన చేతిలో ఉండాలి. ఒక్క విషయంలో మాత్రం ఊరి నిర్మాణమే వాళ్లకు కలిసొచ్చింది. సబ్బాతునాడు బండెక్కకూడదు, మందిరానికి నడిచే వెళ్లాలి. వెలివాడగా ఒకచోటే కుదించిన జనానికి ఆ దూరం ఎక్కువుండదు.

ఇదంతా ఇశ్రాయేలు వెళ్లడానికి వేసిన ఎత్తు అనేవాళ్లున్నారు. వెళ్లాలన్న ఆశ ఉండొచ్చు, అది తప్పూ కాదు. కానీ లాభం లెక్క మాత్రమే చూస్తే ఇది ఎంచుకోదగ్గ దారి కాదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను హిందువులకే ఇచ్చింది. 1956లో సిక్కులు, 1990లో బౌద్ధులు చేరారు, యూదులు లేరు. ఇలాంటి వంశకథే చెప్పుకునే మణిపూర్, మిజోరం బ్నెయి మెనషెలను 2005లో ఇశ్రాయేలు ప్రధాన రబ్బీ ష్లోమో అమార్ ఇశ్రాయేలు సంతతిగా ఒప్పుకున్నారు. కొత్తరెడ్డిపాలేనికి అలాంటి గుర్తింపు రాలేదు. శనివారం ఆరాధన అడ్వెంటిస్టు క్రైస్తవులకూ ఉందిగా, ఇందులో యూదుతనమేముంది అన్నది ఇంకాస్త బలమైన అభ్యంతరం. రోజు ఒకటే, నిజమే. అయితే అడ్వెంటిస్టు క్రీస్తును వదలడు; వీళ్లు వదిలారు, పక్కింటి చుట్టాలు చర్చిలోనే ఉండగా. ఇక యూదు మతంలోకి పద్ధతిగా చేర్చుకునే రబ్బీల న్యాయసభలు తాతల పేర్లతో ఆగవు, సబ్బాతు ఎలా పాటిస్తున్నావని అడుగుతాయి. కోతల కాలంలో ఆ ప్రశ్నకు జవాబు కూలివాడి దగ్గర కన్నా పొలం ఆసామి దగ్గరే ఎక్కువుంటుంది.